భయం బాంబులదా? బేరానిదా?

2025 జులై 15వ తేదీన ఉత్తర ఇరాక్‌లోని దుహోక్ ప్రాంతంలో సర్‌సంగ్ చమురు క్షేత్రంపై డ్రోన్ దాడి జరిగింది. మంటలు లేచాయి, ఉత్పత్తి నిలిచిపోయింది. ఆ క్షేత్రాన్ని నడుపుతున్నది హెచ్.కె.ఎన్. అనే అమెరికన్ కంపెనీ. సరిగ్గా అదే రోజున ఇరాక్ చమురు మంత్రిత్వశాఖతో ఆ కంపెనీయే హమ్రీన్ అనే మరొక క్షేత్రం అభివృద్ధికి ఒప్పందం కుదుర్చుకుంది. ఆ వారంలోనే కుర్దిస్తాన్‌లోని ఇంకొన్ని క్షేత్రాలపైనా డ్రోన్లు పడ్డాయి. మరుసటి నెలలో షెవ్రాన్ సంస్థ నాసిరియా ప్రాంతపు ప్రాజెక్టుకు సూత్రప్రాయంగా అంగీకరించింది. అక్టోబరులో ఎక్సాన్‌మొబిల్ బస్రా సమీపంలోని మజ్నూన్ క్షేత్రం విషయమై ప్రాథమిక ఒప్పందంపై సంతకం చేసింది.

ఇరవై ఏళ్లకు పైగా ప్రపంచ పత్రికలు మనకు ఒకే మాట చెబుతూ వచ్చాయి. ఇరాక్ యుద్ధంతో ఛిన్నాభిన్నమైన దేశమనీ, అక్కడ శాంతిభద్రతలు లేవనీ, అందుకే పెద్ద చమురు కంపెనీలు పెట్టుబడి పెట్టడానికి జంకుతున్నాయనీ ఆ మాట సారాంశం. వినడానికి సహేతుకంగానే ఉంటుంది. బాంబులు పేలేచోట డబ్బు పెట్టమని ఎవరిని మాత్రం ఒత్తిడి చేయగలం? అయితే డ్రోన్ పడిన రోజునే సంతకం చేయగలిగిన కంపెనీలు, అంతకుముందు అన్నేళ్లు దేనికి వెనుకాడినట్లు? ఈ ప్రశ్నకు జవాబు కోసం బాంబుల లెక్కలకంటే ఒప్పందాల షరతులను చదవడం మేలని మా అభిప్రాయం.

ముందుగా ఒక విషయం ఒప్పుకోవాలి. ప్రమాదం కల్పితం కాదు. 2003 తర్వాత కిర్కుక్ నుంచి టర్కీలోని జేహాన్ రేవుకు వెళ్లే గొట్టపు మార్గాన్ని ఎన్నిసార్లు పేల్చివేశారో లెక్క పెట్టడం కష్టం. మోసుల్‌కు దక్షిణాన ఉన్న ఖయ్యారా క్షేత్రాన్ని 2009లో అంగోలా ప్రభుత్వ సంస్థ సోనంగోల్ దక్కించుకుంది. భద్రత కొరవడి, ఖర్చు పెరిగి 2014లో వదులుకుని వెళ్లిపోయింది. ఆ ఏడాదే ఐసిస్ ఆ ప్రాంతాన్ని ఆక్రమించింది. 2016లో ఓడిపోయి పారిపోతూ బావులకు నిప్పు పెట్టింది. నెలల తరబడి ఆ పల్లెల మీద పగలు కూడా చీకటి కమ్మింది. గొర్రెల మందల ఉన్ని మసితో నల్లబడిన చిత్రాలు ప్రపంచమంతా చూసింది. సోనంగోల్ వెళ్లిపోయినందుకు ఎవరూ తప్పుపట్టలేరు. కానీ గొర్రెల కాపరికి వెళ్లిపోయే సౌకర్యం లేదు. యుద్ధభూమిలో నష్టభయం గురించి మాట్లాడేవారు ఎప్పుడూ పెట్టుబడిదారుని నష్టభయాన్నే లెక్కిస్తారు. ఆ నేలమీద పుట్టినవారి నష్టభయానికి బీమా కంపెనీల దగ్గర కూడా పేరు లేదు.

ఇప్పుడు షరతుల సంగతి. ఇరాకీలకు విదేశీ చమురు కంపెనీలంటే ఎందుకంత అనుమానమో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1914 నవంబరులో బ్రిటిష్ ప్రభుత్వం పంపిన సేన ఫావ్ వద్ద దిగి బస్రాను పట్టుకుంది. ఆ సేన మన దేశపు సిపాయిలది. పక్కనే అబాదాన్‌లో ఆంగ్లో-పర్షియన్ కంపెనీ శుద్ధి కర్మాగారం ఉంది. దానిని కాపాడటం ఆ దండయాత్ర ఉద్దేశాలలో ఒకటి. తోటి ముస్లింల మీదికి, పుణ్యస్థలాలున్న నేల మీదికి ఆయుధమెత్తలేమని 1916లో బస్రాలో 15వ లాన్సర్స్ దళానికి చెందిన ముస్లిం సైనికులు నిరాకరించి శిక్షలు అనుభవించారు. మన చరిత్ర పాఠాలలో వారికి చోటు లేదు. మొహర్రం వచ్చినప్పుడల్లా తెలుగు పల్లెల్లో హిందువులూ ముస్లింలూ కలిసి పీర్లనెత్తి కర్బలాను తలచుకుంటారు. గ్యార్వీ షరీఫ్ నాడు బాగ్దాద్‌లోని గౌసె ఆజం పేరిట ఫాతిహా ఇస్తారు. ఆ కర్బలా, ఆ బాగ్దాద్ ఉన్న దేశంలో చమురు కోసం మన తాతల తరం వారిని బలిపెట్టారన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

యుద్ధం ముగిశాక పంపకాలు జరిగాయి. 1925లో ఇచ్చిన రాయితీ పత్రం ప్రకారం చమురు వెలికితీసే హక్కు టర్కిష్ పెట్రోలియం కంపెనీకి దక్కింది. తర్వాత ఇదే ఇరాక్ పెట్రోలియం కంపెనీగా పేరు మార్చుకుంది. 1927 అక్టోబరులో కిర్కుక్ దగ్గర బాబా గుర్‌గుర్ వద్ద చమురు ఆకాశానికి ఎగజిమ్మింది. 1928లో వాటాలు ఖరారయ్యాయి. ఆంగ్లో-పర్షియన్‌కు 23.75 శాతం, షెల్‌కు 23.75 శాతం, ఫ్రెంచి కంపెనీకి 23.75 శాతం, అమెరికన్ కంపెనీల బృందానికి 23.75 శాతం, బేరం కుదిర్చిన గుల్‌బెంకియన్ అనే ఒక్క మనిషికి 5 శాతం. కూడి చూడండి, సరిగ్గా వంద. ఇరాక్ వాటా ఎంత? సున్న. 1920 నాటి సాన్ రెమో ఒడంబడికలో స్థానిక ప్రభుత్వానికి 20 శాతం వరకు వాటా తీసుకునే వీలు రాశారు. అది కాగితం మీదనే ఉండిపోయింది. టన్నుకు నాలుగు బంగారు షిల్లింగుల రాయల్టీతో ఇరాక్ సరిపెట్టుకోవలసి వచ్చింది.

ఆ కంపెనీ దేశమంతటా విస్తరించిన రాయితీ భూమిని తన గుప్పిట్లో పెట్టుకుని, అందులో అతి కొద్ది భాగంలోనే చమురు తీసింది. మిగతాది తాను తవ్వలేదు, మరొకరిని తవ్వనివ్వలేదు. కాబట్టి 'పెట్టుబడికి వెనుకాడటం' అనేది యుద్ధం తెచ్చిన కొత్త జబ్బు కాదు. ఇరాక్ ప్రశాంతంగా ఉన్న కాలంలో కూడా ఆ కంపెనీలు తమ ఇతర దేశాల ఉత్పత్తినీ, ధరనూ చూసుకుని ఇక్కడ చేతులు ముడుచుకున్నాయి. విసిగిపోయిన ప్రధాని అబ్దుల్ కరీం ఖాసిం 1961లో 80వ నంబరు చట్టం తెచ్చి, ఉత్పత్తి జరగని 99.5 శాతం భూమిని వెనక్కి తీసుకున్నాడు. 1972 జూన్ 1న కంపెనీ మొత్తం జాతీయమైంది.

జాతీయం చేసినంత మాత్రాన ఆ సంపద ప్రజలకు చేరిందని మేము చెప్పబోవడం లేదు. పాఠశాలలూ ఆస్పత్రులూ వచ్చిన మాట నిజమే. అదే డబ్బుతో సద్దాం హుసేన్ ఇరాన్ మీదికి ఎనిమిదేళ్ల యుద్ధానికి దిగాడు. 1988లో హలబ్జాలో కుర్దుల మీద విషవాయువు ప్రయోగించాడు. ఆ కుర్దులు కూడా ముస్లింలే. సద్దాం అమెరికాకు శత్రువైనందున అతని పాపాలు పుణ్యాలైపోవు. ఈ విషయంలో మన సముదాయపు వేదికల మీద కొన్నిసార్లు వినిపించే మొహమాటం మాకు నచ్చదు.

2003 మార్చిలో అమెరికా దాడి చేసింది. ఏప్రిల్‌లో బాగ్దాద్ పడిపోయినప్పుడు జాతీయ మ్యూజియంను దొంగలు దోచుకుంటుండగా, అమెరికన్ సైనికులు చమురు మంత్రిత్వశాఖ భవనానికి కాపలా కాశారు. మే 22న అధ్యక్షుడు బుష్ 13303వ నంబరు కార్యనిర్వాహక ఉత్తర్వు జారీ చేశారు. ఇరాక్ చమురుకూ, దాని అమ్మకాలకూ సంబంధించిన ఆస్తులపై అమెరికాలో ఎవరూ కోర్టు జప్తులు తేలేకుండా దానితో రక్షణ కల్పించారు. ఆక్రమణ పాలకులు సెప్టెంబరులో తెచ్చిన 39వ నంబరు ఉత్తర్వు ఇరాక్ వ్యాపారాలలో నూరు శాతం విదేశీ యాజమాన్యాన్ని అనుమతించింది. గమనించవలసిందేమంటే, భూగర్భంలోని సహజ వనరులను మాత్రం ఆ ఉత్తర్వు మినహాయించింది. చమురు జోలికి బాహాటంగా వెళితే దేశం మండిపోతుందని ఆక్రమణదారుకు కూడా తెలుసు. మరోవైపు, ప్రభుత్వ రంగంలో కార్మిక సంఘాలను నిషేధిస్తూ 1987లో సద్దాం చేసిన 150వ నంబరు చట్టాన్ని మాత్రం వారు భద్రంగా కొనసాగించారు. సద్దాం చట్టాలలో వారికి పనికివచ్చింది అదొకటి.

2005 రాజ్యాంగం 111వ అధికరణ చమురు, వాయువు ఇరాక్ ప్రజలందరి ఆస్తి అని ప్రకటించింది. దాన్ని ఎలా నిర్వహించాలో తేల్చే చమురు చట్టం ముసాయిదాను 2007 ఫిబ్రవరిలో మంత్రివర్గం ఆమోదించింది. పార్లమెంటు ఆమోదం మాత్రం దానికి దక్కలేదు. కంపెనీలు కోరుకున్నది ఆ చట్టాన్నే. ఉత్పత్తిలో వాటా, దీర్ఘకాలపు హక్కులు, నేల కింది నిక్షేపాలను తమ ఖాతా పుస్తకాలలో చూపించుకునే వీలు దానివల్ల వస్తాయని ఆశించాయి. 2008లో ఐదు పాశ్చాత్య కంపెనీలకు పోటీ లేకుండా స్వల్పకాలిక సాంకేతిక ఒప్పందాలు ఇచ్చే ప్రయత్నం బయటపడి, విమర్శలు చెలరేగి, ఆ ఏడాది సెప్టెంబరులో రద్దయింది.

ఇక 2009 జూన్ 30. మా వాదనకు ఆ రోజే ప్రధాన సాక్షి గనుక కొంత వివరంగా చెప్పాలి. అమెరికన్ సేనలు ఇరాక్ నగరాల నుంచి వైదొలగిన రోజు అది. సెలవు ప్రకటించి పండుగ చేసుకున్నారు. అదే రోజున బాగ్దాద్‌లోని అల్ రషీద్ హోటల్లో చమురు క్షేత్రాల వేలం జరిగింది. సద్దాం కోసం అణ్వాయుధాల పని చేయనన్నందుకు ఏళ్ల తరబడి అబూ గరైబ్ జైలులో మగ్గిన శాస్త్రవేత్త హుసేన్ అల్ షహ్రిస్తానీ అప్పుడు చమురు మంత్రి. కవర్లను అందరి ఎదుటా తెరిచారు, టెలివిజన్ ప్రత్యక్షంగా చూపించింది. ఆరు చమురు క్షేత్రాలు, రెండు వాయు క్షేత్రాలు పెట్టారు. ఒక్కటంటే ఒక్కటే అమ్ముడైంది.

మరునాటి పత్రికలు 'యుద్ధభయంతో వెనుకాడిన కంపెనీలు' అని రాశాయి. జరిగిందేమిటో చూద్దాం. ప్రభుత్వం ఇవ్వజూపింది సేవా ఒప్పందం. చమురు ఇరాక్‌దే. కంపెనీ తన ఖర్చులు రాబట్టుకుని, అదనంగా తీసిన ప్రతి బ్యారెల్‌కూ నిర్ణీత రుసుము పుచ్చుకుంటుంది. ధర 70 డాలర్లున్నా, 140 డాలర్లున్నా రుసుము మారదు. బస్రా దగ్గరి రుమైలా క్షేత్రానికి ఎక్సాన్ బృందం బ్యారెల్‌కు 4.80 డాలర్లు అడిగింది. బి.పి., చైనా సంస్థ సి.ఎన్.పి.సి. కలిసి 3.99 డాలర్లు అడిగాయి. ప్రభుత్వం రెండు డాలర్లకు మించి ఇవ్వనంది. ఎక్సాన్ తప్పుకుంది. బి.పి. బృందం ఒప్పుకుంది. ఉత్తరాన బాయ్ హసన్ క్షేత్రానికి కొనోకోఫిలిప్స్ బృందం 26.70 డాలర్లు అడిగితే ప్రభుత్వం నాలుగు డాలర్లు అంది. అక్కడితో అది ముగిసింది.

నాలుగు డాలర్లు రెండైన ఆ కొద్దిసేపట్లో బస్రాలో తుపాకులేమీ చల్లబడలేదు. ఆ రెండు డాలర్లలోనూ నాలుగోవంతు ప్రభుత్వ భాగస్వామికి పోగా, మిగిలిన దానిమీద 35 శాతం పన్ను చెల్లిస్తే కంపెనీలకు చేతికొచ్చేది ఒక డాలరు లోపే. అయినా లాభం కనిపించింది గనుకనే చేరారు. మిగతా కంపెనీలు ఆలోచించుకోవడానికి ఆరు నెలలు చాలింది. పశ్చిమ ఖుర్నా మొదటి దశను ఎక్సాన్, షెల్ కలిసి 1.90 డాలర్లకు తీసుకున్నాయి. డిసెంబరులో జరిగిన రెండో వేలంలో షెల్, మలేసియా సంస్థ పెట్రోనాస్ మజ్నూన్‌ను 1.39 డాలర్లకు, రష్యా సంస్థ లుకాయిల్ బృందం పశ్చిమ ఖుర్నా రెండో దశను 1.15 డాలర్లకు ఒప్పుకున్నాయి. జూన్‌లో ప్రాణాంతకంగా కనిపించిన దేశం డిసెంబరుకల్లా గిట్టుబాటైంది. ఆ మధ్యకాలంలో, ఆగస్టులోనూ అక్టోబరులోనూ డిసెంబరులోనూ, బాగ్దాద్‌లో ప్రభుత్వ భవనాల ముందు భీకరమైన బాంబుపేలుళ్లు జరిగి వందల మంది చనిపోయారు.

ఇంకొక వైపు కుర్దిస్తాన్ ఉంది. అక్కడి ప్రాంతీయ ప్రభుత్వం ఉత్పత్తిలో వాటా ఇచ్చే ఒప్పందాలు చేసింది. 2011 అక్టోబరులో ఎక్సాన్ బాగ్దాద్ అభ్యంతరాలను పక్కనపెట్టి కుర్దిస్తాన్ ప్రభుత్వంతో ఆరు బ్లాకులకు సంతకం చేసింది. వాటిలో బషీకా, అల్‌కోష్ ఉన్నాయి. ఈ రెండూ ఎవరి పరిపాలనలోకి వస్తాయో తేలని వివాదాస్పద ప్రాంతంలోనివి. బషీకాలో యజీదీలు, షబక్‌లు, క్రైస్తవులు ఉంటారు. అల్‌కోష్ ప్రాచీనమైన క్రైస్తవ పట్టణం. బాగ్దాద్‌కూ అర్బీల్‌కూ మధ్య నలుగుతున్న అల్పసంఖ్యాకుల నేల అది. ఆ ఒప్పందంలో వారికి పాత్ర లేదు. 2014 ఆగస్టులో ఐసిస్ దూసుకొచ్చినప్పుడు కంపెనీలు తమ సిబ్బందిని భద్రమైన చోట్లకు తరలించుకున్నాయి. బషీకా ప్రజలు చేతికందినది పట్టుకుని పరుగెత్తారు. రెండేళ్లకు పైగా తిరిగి రాలేదు.

మైనారిటీ హక్కుల కోసం నడుస్తున్న పత్రికగా మాకు ఈ ఘట్టం తక్కినవాటికంటే ఎక్కువ బాధ కలిగిస్తుంది. మనం ఇక్కడ అల్పసంఖ్యాకులం. మన భూముల మీద, మన వక్ఫ్ ఆస్తుల మీద నిర్ణయం జరిగేటప్పుడు మమ్మల్ని అడగరేమని నిలదీస్తాం. అక్కడ ముస్లింలు అధికసంఖ్యాకులు. అక్కడి యజీదీ కూడా సరిగ్గా అదే ప్రశ్న అడుగుతున్నాడు. అతని ప్రశ్నకు మనం గొంతు కలపకపోతే మన ప్రశ్నకు బలం ఎక్కడి నుంచి వస్తుంది? నీరు, పచ్చిక, నిప్పు ప్రజలందరి ఉమ్మడి అన్న ప్రవక్త (స) బోధను ఆధారం చేసుకుని, భూగర్భ సంపద కూడా ఉమ్మడిదేనని వాదించిన ఇస్లామీ పండితులు ఉన్నారు. ఆ ఉమ్మడిలో ముస్లిమేతరుని వాటా తగ్గదు. పాలకుని చేతిలో అది అమానత్ మాత్రమే.

కంపెనీలు పెట్టుబడి పెట్టినచోట ప్రజలకు ఏం ఒరిగిందో కూడా చూడాలి. రుమైలా ఇరాక్ ఉత్పత్తిలో దాదాపు మూడోవంతు ఇచ్చే క్షేత్రం. చమురుతోపాటు పైకి వచ్చే వాయువును పట్టి వాడుకునే ఏర్పాటు లేక అక్కడ మండించి వేస్తారు. వాయువును ఇలా తగలబెట్టే దేశాలలో ఇరాక్ 2022 వరకు ఏళ్ల తరబడి రష్యా తర్వాతి స్థానంలో ఉండేది. విడ్డూరమేమంటే, అదే ఇరాక్ విద్యుత్తు కోసం ఇరాన్ నుంచి వాయువు కొనుక్కుంటుంది. నివాసాలకు పది కిలోమీటర్ల లోపు వాయువును మండించరాదని అక్కడి చట్టం చెబుతుంది. రుమైలాలో రెండు కిలోమీటర్ల దూరంలోనే మంటలు లేస్తున్నాయని 2022లో బి.బి.సి. పరిశోధన చూపించింది. క్యాన్సర్ అక్కడ ఎంత మామూలైపోయిందో ఆ చిత్రంలో స్థానికులే చెప్పారు. ఆ ఊరిని తాము ఖబరస్తాన్ అని పిలుచుకుంటున్నారట.

ఇక నీళ్ల సంగతి. 2018 వేసవిలో బస్రాలో కుళాయి నీరు తాగి కనీసం 1,18,000 మంది ఆస్పత్రుల పాలయ్యారని హ్యూమన్ రైట్స్ వాచ్ మరుసటి ఏడాది నివేదికలో రాసింది. టైగ్రిస్, యూఫ్రటీస్ నదులు కలిసి ప్రవహించే షత్ అల్ అరబ్ ఒడ్డున, ప్రపంచంలోనే అత్యంత సంపన్నమైన చమురు క్షేత్రాల నడుమ ఉన్న నగరంలో మంచినీళ్లు లేవు. ఆ జులైలో యువకులు చమురు క్షేత్రాల ద్వారాల ముందు బైఠాయించి ఉద్యోగాలు అడిగారు. 2019 అక్టోబరులో ఆ ఆగ్రహం దేశమంతటా లేచింది. కాల్పుల్లో వందల మంది యువతీ యువకులు చనిపోయారు. కాల్చింది విదేశీ కంపెనీలు కాదు. ఇరాకీ భద్రతా దళాలూ, పార్టీల సాయుధ ముఠాలూ.

కనుక నేరమంతా కంపెనీల నెత్తిన వేసి చేతులు దులుపుకోవడం సరికాదు. ఇరాక్ ప్రభుత్వాదాయంలో తొంభై శాతానికి పైగా చమురు నుంచే వస్తుంది. షియా, సున్నీ, కుర్దు పార్టీలు మంత్రిత్వశాఖలను పంచుకుని ఆ ఆదాయాన్ని పీల్చుకున్నాయి. కంపెనీలకు చెల్లించవలసిన బిల్లులు బకాయి పడ్డ సందర్భాలున్నాయి. దక్షిణాది క్షేత్రాలకు సముద్రజలాన్ని శుద్ధిచేసి అందించే పథకం ఏళ్ల తరబడి కాగితాల్లోనే నానింది. ఒప్పందాలకు పార్లమెంటు ఆమోదం ఉండాలా వద్దా అన్నది కూడా స్పష్టం చేయలేదు. 2009లో రుమైలా ఒప్పందాన్ని బహిరంగంగా వ్యతిరేకించిన దక్షిణ చమురు సంస్థ అధిపతిని పదవి నుంచి తప్పించారు. కుర్దిస్తాన్‌తో తగవు ముదిరి, అంతర్జాతీయ మధ్యవర్తిత్వ తీర్పు తర్వాత 2023 మార్చిలో టర్కీకి వెళ్లే గొట్టపు మార్గం మూతపడింది. తిరిగి తెరవడానికి 2025 సెప్టెంబరు దాకా పట్టింది. ఆ మధ్యకాలంలో కుర్దిస్తాన్ ఉపాధ్యాయులు జీతాలందక రోడ్డెక్కారు. చట్టం లేనిచోట వెనుకాడే కంపెనీని పూర్తిగా తప్పుపట్టలేం. ఆ భాగం వరకు వారి ఫిర్యాదు న్యాయమైనదే.

కానీ ఆ ఫిర్యాదు చివరికి ఎక్కడ తీరిందో చూడండి. రుసుము చాలదంటూ షెల్ 2018లో మజ్నూన్‌ను వదిలేసింది. ఎక్సాన్ 2023 చివరికి పశ్చిమ ఖుర్నా నుంచి బయటపడింది. ఆ స్థానంలో చైనా సంస్థ పెట్రోచైనా కూర్చుంది. 2024 మే నెలలో జరిగిన వేలంలో అమెరికన్ దిగ్గజాలు కనిపించనే లేదు. చైనా సంస్థలే ఎక్కువ బ్లాకులు పట్టుకుపోయాయి. పెద్ద కంపెనీలు వెళ్లిపోతున్నాయన్న ఆందోళనలో ఇరాక్ మెత్తబడింది. టోటల్‌ఎనర్జీస్‌తో 2021లో కుదిరిన 27 బిలియన్ డాలర్ల ఒప్పందం ఇరాక్ వాటా ఎంతన్న తగవుతో రెండేళ్లు నానింది. 40 శాతం కోరిన ఇరాక్ చివరికి 30 శాతానికి ఒప్పుకుంది. ఇక్కడ కంపెనీకి దక్కేది బ్యారెల్ రుసుము కాదు, ఆదాయంలో వాటా. 2025 ఆరంభంలో కిర్కుక్ క్షేత్రాలకు బి.పి. చేసుకున్న ఒప్పందంలో ప్రతిఫలం అదనపు ఉత్పత్తితో, ధరతో, ఖర్చులతో ముడిపడి ఉంది. 1927లో అదే కిర్కుక్‌లో చమురు కనుగొన్న బృందంలో ఈ బి.పి.కి పూర్వరూపమైన ఆంగ్లో-పర్షియన్ ఉందని పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు మజ్నూన్‌కు ఎక్సాన్ వస్తున్నదీ లాభాల్లో వాటా పద్ధతి మీదనే.

మజ్నూన్ అంటే పిచ్చివాడని లైలా కథ విన్నవారికి చెప్పనక్కర్లేదు. చమురు అంత పిచ్చిగా ఉందని ఆ క్షేత్రానికి ఆ పేరు పెట్టారు. ఇరాన్ యుద్ధకాలంలో అక్కడ పాతిన మందుపాతరలు ఎన్నో ఏళ్లు మనుషులను బలిగొన్నాయి. మందుపాతరలున్న కాలంలో అక్కడ పనిచేసిన కంపెనీ రుసుము నచ్చక వెళ్లిపోయింది. డ్రోన్లు ఎగిరే కాలంలో మరో కంపెనీ వాటా నచ్చి వస్తోంది. 'భద్రత మెరుగుపడింది కాబట్టి పెట్టుబడులు వస్తున్నాయి' అనే వార్తలో కొంత నిజం ఉండవచ్చు. మిగతా నిజం ఒప్పందం మూడో పేజీలోనో నాలుగో పేజీలోనో ఉంటుంది. ఇరాకీలకు ఆ పేజీలు చదివే అవకాశం కల్పించడం ప్రభుత్వం చేయవలసిన మొదటి పని. 111వ అధికరణ ప్రకారం ఆస్తి వారిది. తన ఆస్తిని ఏ షరతుల మీద కౌలుకిచ్చారో తెలుసుకునే హక్కు యజమానికి లేదా?

కంపెనీ వెనుకాడటంలో న్యాయమైన కారణం మరొకటి కూడా ఉంటుంది. అది చాలా అరుదు. కెనడాకు చెందిన టాలిస్మన్ అనే కంపెనీకి సూడాన్‌లోని గ్రేటర్ నైల్ చమురు సంస్థలో 25 శాతం వాటా ఉండేది. చమురు క్షేత్రాల చుట్టుపక్కల దక్షిణాది ప్రజలను ఖార్టూమ్ సేనలు తరిమివేస్తున్నాయనీ, హెగ్లిగ్‌లోని కంపెనీ విమానక్షేత్రాన్ని సైన్యం వాడుకుంటోందనీ 2000లో కెనడా ప్రభుత్వం పంపిన బృందం తేల్చింది. చర్చిలు, హక్కుల సంఘాలు, వాటాదారులు ఒత్తిడి పెట్టారు. చివరికి టాలిస్మన్ అమ్ముకుని వెళ్లిపోయింది. ఆ 25 శాతం వాటాను 2003లో కొన్నదెవరు? మన ఓ.ఎన్.జి.సి. విదేశ్. భారత ప్రభుత్వ సంస్థ. అప్పట్లో అది మన ఇంధన భద్రతకు గొప్ప విజయమని పత్రికలు మెచ్చుకున్నాయి. ఆ అమ్మకం ఎందుకు జరుగుతోందని అడిగిన గొంతులు మన దేశంలో అరుదు. తరిమివేతకు గురైన వారిలో అత్యధికులు ముస్లిమేతరులు. తరిమిన ప్రభుత్వం షరీఅత్ పేరు చెప్పుకునేది. మన సముదాయ పత్రికలు కూడా ఆనాడు పెద్దగా నోరు మెదపలేదు. ఇరాక్ విషయంలో అమెరికాను నిలదీసే అర్హత మనకు నిలవాలంటే ఆ మౌనాన్ని ఒప్పుకోక తప్పదు.

ఇరాక్‌తోనూ మన ప్రభుత్వ సంస్థకు తీరని లెక్క ఒకటి ఉంది. సద్దాం పాలనలో, 2000 నవంబరులో, ఓ.ఎన్.జి.సి. విదేశ్ పశ్చిమ ఎడారిలోని 8వ బ్లాకులో అన్వేషణకు ఒప్పందం చేసుకుంది. యుద్ధం వల్ల పని ఆగిపోయింది. తర్వాత వచ్చిన ప్రభుత్వాలు పాత ఒప్పందాలను తిరగరాయాలన్నాయి. మరోవైపు ఇరాక్ మనకు ముడి చమురు అమ్మే పెద్ద దేశాలలో ఒకటి. రష్యా చమురు వెల్లువెత్తకముందు కొన్నేళ్లు అదే మొదటి స్థానంలో ఉంది. విశాఖపట్నం శుద్ధి కర్మాగారానికి కూడా బస్రా చమురు వస్తుంది. మన ఊళ్లలో ఆటోలు తిరిగే ఇంధనంలో, మంచినీళ్లు లేని ఆ నగరపు భాగం కొంత ఉందన్నమాట.

ఓ.ఎన్.జి.సి. విదేశ్ ఇరాక్‌లో గానీ, లిబియాలో గానీ, సిరియాలో గానీ, సూడాన్‌లో గానీ అడుగుపెట్టవద్దని మేము అనడం లేదు. పాశ్చాత్య కంపెనీలకంటే మెరుగైన షరతులతో, దక్షిణ దేశాల సంస్థగా అది వెళ్లగలిగితే మంచిదే. అయితే ఆ డబ్బు మన పన్నులది. ఆ సంస్థ ప్రతి యుద్ధపీడిత దేశంలో ఏ షరతుల మీద పనిచేస్తోందో, వాయువును ఎంత మండిస్తోందో, క్షేత్రం చుట్టూ ఉన్న ప్రజలను ఎవరు ఖాళీ చేయించారో, స్థానికులకు ఎన్ని ఉద్యోగాలు ఇచ్చిందో పార్లమెంటు ముందు పెట్టాలని మన తెలుగు రాష్ట్రాల సభ్యులు అడగాలి. 8వ బ్లాకు మీద మళ్లీ చర్చలు మొదలైతే ఆ ముసాయిదాను ముందుగా బయటపెట్టమని కోరాలి. ఈ విషయమై రెండు రాష్ట్రాల లోక్‌సభ, రాజ్యసభ సభ్యులకు ఈ నెలలోనే లేఖలు పంపుతున్నాం. వచ్చిన జవాబులను వచ్చినట్టుగా ప్రచురిస్తాం.